సన్నచాప కింద తోవియో

ఇంకొక్క వరస అల్లేదాకా నేను ఆగి ఉంటే, ఫువతినో తనంతట తాను లేచి వచ్చేదా?

ఆరేళ్ళయింది. ఆపియా రేవు గోడ మీద కూర్చున్నా, ఇంట్లో పుస్తకం తెరిచి పేజీ తిప్పడం మరిచిపోయినా ఇదే ప్రశ్న. వచ్చేదని కొన్నాళ్ళు అనుకున్నాను. రాదని కొన్నాళ్ళు. ఇప్పుడు ఏదీ అనుకోలేకపోతున్నాను. ఆ రోజు చాప ఎత్తినవి నా చేతులు. దాని కింద కూర్చున్న మనిషి గురించి నాకు తెలిసినంత రాసి పెడదామని మొదలుపెట్టాను.

అతని పేరు తోవియో. మా పది గంటల ఊళ్ళో ఉము, అంటే కాల్చిన రాళ్ళ పొయ్యి మీద కూడు, వండేవాడు.

పది గంటల ఊరని మేం పనివాళ్ళం పెట్టుకున్న పేరు. రేవు దారిలో, సందర్శకుల కార్యాలయం వెనక పచ్చిక మీద ఆరు ఇళ్ళు కట్టారు. గోడల్లేకుండా, స్తంభాల మీద ఆకుల కప్పుతో, మా ఊళ్ళలో ఉన్నట్టే. ఒకదాంట్లో మొగలాకు చాపలల్లేవాళ్ళు, ఒకదాంట్లో బెరడు దంచి గుడ్డ తీసేవాళ్ళు, ఇంకొకదాంట్లో పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. పొద్దున పదింటికి ఓడల్లోంచీ హోటళ్ళలోంచీ జనం వస్తారు. సమోవా బతుకు చూసి, తిని, పన్నెండింటికి వెళ్ళిపోతారు. ఆ రెండు గంటలే అది ఊరు. తర్వాత మేం బట్టలు మార్చుకుని బస్సులెక్కి, సొంత ఊళ్ళకి పోయి, అవే పనులు చూసేవాళ్ళు లేకుండా చేసుకునేవాళ్ళం.

బడి నుంచి రిటైరయ్యాక నన్ను అక్కడ మాటలు చెప్పడానికి పెట్టుకున్నారు. మైకు నా చేతిలో ఉండేది. ఎవరేం చేస్తున్నారో వచ్చినవాళ్ళకి చెప్పాలి. తోవియో గురించి చెప్పడం మాత్రం తేలిక. అతను చేస్తుంటే జనం నా వైపు చూసేవాళ్ళే కాదు.

ఎనిమిదిన్నరకి మంట వేసేవాడు. రాళ్ళన్నీ తనే ఏరి తెచ్చుకున్నవి, అమ్మమ్మగారి ఊరి ఏట్లోంచి. నల్లగా, గుండ్రంగా, పిడికిలి కన్నా కాస్త పెద్దవి. ఒక్కొక్క రాయినీ ఇంకో రాయితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. పేలేదాన్ని పక్కన పడేసి, "ఇది ఇంటికి పోతానంటోంది మాస్టారూ" అనేవాడు. రోజు మొత్తంలో అతను వేసే హాస్యం అదొక్కటే. కాలిన రాళ్ళని కొబ్బరిమట్ట చీల్చి చేసిన పట్టుకారుతో పరిచి, చేమదుంపలు, సీమపనస కాయలు, కొబ్బరిపాలు పోసి మూటకట్టిన చేమాకు పొట్లాలు పేర్చి, పైన అరిటాకులు కప్పేవాడు. చేతుల నిండా కాలిన మచ్చలు. ఆరడుగుల మనిషి. వంగి వంగి నడిచేవాడు. పెద్దవాళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు అందరం వంగుతాం. అతను ఎవరూ లేని చోట కూడా అలాగే నడిచేవాడు.

సాయంత్రం బస్సెక్కేవాడు కాదు. ఊరి చివర మేనమామ ఇంటికి నడిచే పోయేవాడు. దారిలో ప్రార్థన గంట వినపడితే ఉన్న చోటే, రోడ్డు పక్క గడ్డిలో కూర్చునేవాడు. పట్నంలో ఆ నియమం ఎవరూ పాటించరు. కార్లు పోతూనే ఉంటాయి. అతను మాత్రం ఆఖరి గంట కొట్టేదాకా లేవడు. ఒకసారి వానలో అలా కూర్చుని ఉండగా చూశాను. గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను.  అతను అలా కూర్చోవడానికి కారణం నాకు తెలుసు.

దక్షిణపు ఒడ్డున మూడు ఊళ్ళు వరసగా ఉంటాయి. తోవియోది మూడోది. నేను పాఠాలు చెప్పింది రెండో ఊళ్ళో. సాయంత్రం ప్రార్థనకి అక్కడ చెట్టుకి వేలాడదీసిన పాత గ్యాసు సిలిండరుని ఇనప కడ్డీతో కొడతారు. మొదటి గంటకి పిల్లలు ఇళ్ళకి చేరాలి. రెండో గంటకి దారి మీద పురుగు కదలకూడదు. బండ్లు ఆగిపోవాలి. ఆపనివాడికి ఊరి పెద్దలు జరిమానా వేస్తారు. అందుకని అక్కడ బండి నడిపేవాళ్ళందరికీ ఒక అలవాటు. మొదటి గంట చెవిన పడగానే, రెండోది కొట్టేలోపు ఊరు దాటేద్దామని వేగం పెంచుతారు. నేనూ చేశాను ఆ పని, సైకిలు మీద.

తోవియోకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. సంతలో చేమదుంపలు దింపి కుటుంబం పికప్పులో తిరిగి వస్తున్నాడు. మా ఊరి మొదట్లో ఉండగా గంట కొట్టారు. వేగం పెంచాడు. చర్చి మలుపు దగ్గర లూపే ఇంటికి పరిగెడుతోంది. ఆరేళ్ళ పిల్ల, నా ఒకటో తరగతిలో ముందు వరస. ఇద్దరూ పరిగెత్తింది ఒకే గంట విని.

లూపే ఫువతినో చిన్న కూతురు.

మర్నాడు తెల్లవారేసరికి తోవియో వాళ్ళవాళ్ళు ఇఫోంగాకి వచ్చారు. చేసిన తప్పుకి తల వంచుకుని వచ్చి కూర్చోవడం అది. వంటచెరుకు, ఉము రాళ్ళు, పచ్చి ఆకులు మోసుకొచ్చి ఆ ఇంటి ముందు పెట్టారు. మమ్మల్ని వండుకున్నా మీ ఇష్టమేనని దానర్థం. తోవియో పెదనాన్న సెఫో ఆ కుటుంబానికి పెద్ద. ఆయన అందరికన్నా ముందు కూర్చున్నాడు. ఆయన తల మీంచి సన్నచాప కప్పారు, ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా పాతది, పట్టులా జారేది. వెనక ముప్ఫై మంది మగవాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. లోపలివాళ్ళు రాళ్ళు పట్టుకుని రావచ్చు, కత్తి పట్టుకుని రావచ్చు. చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తేదాకా కదలకూడదు. ఎండ ఎక్కింది. మూడు గంటలు కూర్చున్నారు. అప్పుడు ఫువతినో బావగారు, ఆ ఇంటి పెద్ద, బయటికొచ్చి చాప ఎత్తాడు. ఆయనా ఏడ్చాడు, సెఫో ఏడ్చాడు. ఉపన్యాసాలయ్యాయి, ఆవా వేరు పిండిన రసం తాగారు, కలిసి తిన్నారు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

తోవియో అప్పుడు ఆపియాలో పోలీసుల దగ్గర ఉన్నాడు. ఫువతినో వెనకింట్లో పిల్లకి ఆఖరి స్నానం చేయిస్తోంది. ఎవరూ వెళ్ళి ఆవిణ్ణి అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు, అక్కడే నిలబడి ఉన్నాను.

చాప ఎత్తాక ఆ సంగతి ఇక ఎవరూ నోట తేకూడదు. అది మా కట్టుబాటు. ఎత్తినవాళ్ళూ తేకూడదు, కూర్చున్నవాళ్ళూ తేకూడదు, చూసినవాళ్ళూ తేకూడదు. కోర్టు కూడా చాప ఎత్తారన్న మాట విని శిక్ష తగ్గించింది. ఏడాది తర్వాత తోవియో బయటికొచ్చాడు. పెదనాన్న అతన్ని ఊళ్ళో ఉంచకుండా పట్నం పంపేశాడు. రొట్టెల బట్టీలో కొన్నాళ్ళు, రేవులో మూటలు మోస్తూ కొన్నాళ్ళు ఉండి, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. చర్చిలో పాడేవాడట చిన్నప్పుడు, గొంతు బాగుండేదట. నేను వినలేదు.

అతను వచ్చిన ఏడేళ్ళకి ఫువతినో వచ్చింది. భర్త పోయాక పెద్ద కూతురి దగ్గరికి పట్నం చేరింది. మా దక్షిణపు ఒడ్డున ఆవిడంత సన్నగా అల్లేవాళ్ళు లేరు. కార్యాలయంవాళ్ళు ఎంతో సంతోషంగా పనిలో పెట్టుకున్నారు. మొదటి రోజు ఆవిడ చాపల ఇంట్లోకి ఎక్కడం తోవియో పొయ్యి దగ్గర నుంచి చూశాడు. ఆ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చాడు.

"నేను మానేస్తాను మాస్టారూ."

"దేనికి?"

"ఆవిడ రోజూ నా మొహం చూడాలా?"

"చాప ఎత్తేశారు కదరా. ఎత్తాక ఇంకేముంది?"

"ఎత్తింది మా పెదనాన్న మీంచి."

 పెద్దవాణ్ణి, ఏదో ఒకటి అనాలి కనక, "ఉండు. ఇప్పుడు మానేస్తే అందరూ ఎందుకని అడుగుతారు" అన్నాను. ఉన్నాడు.

నాలుగేళ్ళు అలా గడిచాయి. పన్నెండింటికి ఉము తీశాక పనివాళ్ళందరం అందులోదే తినేవాళ్ళం. తోవియో ప్రతి రోజూ ఒక చేమాకు పొట్లం, అన్నిటిలోకి పెద్దది, అరిటాకులో పెట్టి చాపల ఇంటి మెట్టు మీద ఉంచి వెళ్ళేవాడు. ఫువతినో ఇంటి నుంచి రేకు డబ్బాలో ఉడకబెట్టిన అరటికాయలు తెచ్చుకునేది. పొట్లాన్ని పక్కనున్న అమ్మాయి వైపు జరిపేది. డోలు వాయించే మనువేలే నలభై ఏళ్ళ లావుపాటి మనిషి. ఊరుకునేవాడు కాదు.

"అక్కా, ఆ డబ్బాలో ఏం తెస్తావ్ రోజూ? నాకొక ముక్క పెట్టు."

"నీకు పెడితే పడవ మునుగుతుంది."

"పొట్టకి పడదా ఉము కూడు?"

"పడదు."

అందరూ అదే అనుకున్నారు. ఆవిడకి పొట్ట బాగోదని.

ఆ నాలుగో ఏడాదే కార్యాలయానికి అరియేతా వచ్చింది. ఆక్లండులో పుట్టి పెరిగిన పిల్ల. మా భాష చక్కగా మాట్లాడేది, మాకన్నా ముందొచ్చి మాకన్నా తర్వాత ఇంటికి పోయేది. మంచిది. ఇప్పటికీ ఆమెని ఒక్క మాట అనలేను. ఒక రోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది.

"వచ్చే నెల పెద్ద ఓడ వస్తోంది మాస్టారూ. కొబ్బరికాయ వలవడం, డోలు, డాన్సు, ఏ దీవికి పోయినా ఇవే. మనదే అయినది ఒకటి కావాలి."

"మనదే అయినదంటే మా అత్తగారు. తీసుకురమ్మంటావా?" అన్నాడు మనువేలే.

నవ్వు తగ్గాక ఆమె అంది: "ఇఫోంగా చూపిద్దాం."

నేను తోవియో వైపు చూడకుండా ఉండడానికి నేల చూశాను.

"అది చూపించేది కాదమ్మా."

"ఎందుకు కాదు మాస్టారూ? పచ్చబొట్టు చూపిస్తున్నాం కదా. నెత్తురు తుడుస్తుంటే పక్కన కూర్చుని ఫొటోలు తీసుకుంటున్నారు. ఇందులో ఊరికే కూర్చోవడమేగా."

"ఇందులో కారేది కనపడదు."

"చూశారా, ఎంత బాగా చెప్పారో. ఇదే మాట మైకులో చెప్పండి."

ఆ క్షణాన లేచి ఆమెని పక్కకి తీసుకుపోయి, ఆ చాపల ఇంట్లో కూర్చున్నావిడా ఈ పొయ్యి దగ్గరున్న మనిషీ ఎవరో చెప్పి ఉండాల్సింది. చెప్పకూడదన్నది కట్టుబాటు. డెబ్బై రెండేళ్ళు దాన్ని పాటించినవాణ్ణి.  చాప కింద మనువేలే కూర్చునేటట్టూ, ఇంటి పెద్దగా నేను వచ్చి ఎత్తేటట్టూ ఖాయమైంది. ఐదు నిమిషాల పని.

సాయంత్రం ఫువతినో మొగలాకు చీలికలు చుట్టుకుంటూ అడిగింది:

"చూపిస్తారట కదా."

"ఆఁ."

"ఎవరు కూర్చుంటున్నారు?"

"మనువేలే."

"వాడు నవ్వకుండా కూర్చోగలడా?" అని డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

రెండు సార్లు అభ్యాసం చేశాం. మొదటిసారి మనువేలే చాప కింద గురక పెట్టాడు. అందరూ పడి పడి నవ్వారు. తోవియో అవతల రాళ్ళు తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు.

ఓడ వచ్చిన రోజు పొద్దున్నే తోవియో నా దగ్గరికొచ్చాడు. తల దువ్వుకున్నాడు. చర్చికి పోయేటప్పుడు నడుముకి చుట్టుకునే తెల్ల లవలవ కట్టుకున్నాడు.

"ఇవాళ నేను కూర్చుంటాను మాస్టారూ."

"ఉము ఎవరు చూస్తారు?"

"మనువేలేకి చెప్పాను. రాళ్ళు కాల్చి అంతా సర్దేశాను. కప్పి చూసుకోవడమే."

"తోవియో, ఇది ఆట."

"తెలుసు."

"ఆటలో కూర్చుంటే ఏమొస్తుందిరా?"

"అసలుది నాకు ఇవ్వలేదు కదా మాస్టారూ. ఆటదైనా ఉండనీండి."

నేను వద్దనలేదు.  లూపే పోయి పాతికేళ్ళు కాలేదింకా, మూడేళ్ళు తక్కువ. అప్పటి నుంచి ఈ మనిషి తల మీద ఒక చాప కోసం చూస్తున్నాడని అప్పుడు అర్థమైంది.

పదిన్నరకి బెంచీలన్నీ నిండాయి. రెండొందల మంది ఉంటారు, టోపీలు, కెమెరాలు. నేను మైకులో చెప్పాను. మనిషి తప్పు చేస్తే అతని కుటుంబమంతా తలవంచుకుని వస్తుందని, వంటచెరుకు, రాళ్ళు తెస్తుందని. డాన్సు చేసేవాళ్ళు నలుగురు వెనక నడుస్తుండగా తోవియో పచ్చిక మీదికొచ్చాడు. భుజాన కట్టెలు, చంకలో రాళ్ళ బుట్ట. అభ్యాసంలో పెట్టుకున్నవి అట్టతో చేసినవి. ఇవి అట్టవి కావు. మసి పట్టిన అతని సొంత రాళ్ళు.

నేనున్న ఇంటి ముందు కూర్చోవాలి. అతను అక్కడ ఆగలేదు. చాపల ఇంటి ముందుకి నడిచాడు. ఫువతినో మెట్టుకి మూడడుగుల దూరంలో కట్టెలు దించి, రాళ్ళు దించి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, కార్యాలయంవాళ్ళ సన్నచాప తల మీంచి లాక్కున్నాడు.

డాన్సు చేసేవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, వెనకే పోయి కూర్చున్నారు.

ఫువతినో తలెత్తి చూసింది. ఒక్కసారే. మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

నేను మైకు దించేశాను. వచ్చినవాళ్ళకి తేడా తెలియలేదు. ఫొటోలు తీసుకుంటున్నారు. ఐదు నిమిషాలయింది. పది అయింది. ఎండ సూటిగా చాప మీద పడుతోంది. చాప కింద అతని వీపు ఊపిరికి లేచి దిగడం కనిపిస్తోంది. ఆవిడ వేళ్ళు ఆగలేదు. పక్కనుండే అమ్మాయి మాత్రం అల్లిక ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. పదిహేను నిమిషాలయ్యేసరికి బెంచీల మీద కదలిక మొదలైంది. ఎవరో అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టి ఆపేశారు.

అరియేతా నా వెనకగా వచ్చింది.

"మాస్టారూ, ఎత్తండి. డాన్సు ఉంది ఇంకా. తోవియో బాబాయ్ వేరే ఇంటి ముందు కూర్చున్నాడేంటి?"

"కాసేపాగు."

"ఎంతసేపు? పన్నెండింటికి బస్సులొచ్చేస్తాయి."

వెళ్ళాను. వంగి చాప అంచు పట్టుకున్నాను. లోపల్నుంచి చిన్నగా వినిపించింది: "మీరు కాదు మాస్టారూ."

అంచు వదిలేసి నిలబడ్డాను. ఫువతినో చేతికీ తోవియో తలకీ మధ్య నా నీడ పడుతోంది. పక్కకి తప్పుకున్నాను.

"అమ్మా ఫువతినో" అన్నాను.

ఆవిడ వరస చివరికొస్తోంది. తలెత్తకుండా అడిగింది:

"ఆ చాప ఎవరిది మాస్టారూ?"

"కార్యాలయానిది."

"అయితే కార్యాలయాన్నే ఎత్తమనండి."

అరియేతా దూరం నుంచి చెయ్యి తిప్పుతోంది, త్వరగా అని. మనువేలే పొయ్యి దగ్గర నుంచి రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయాడు. రెండొందల మంది నన్నే చూస్తున్నారు. నేను చాప ఎత్తాను.

తోవియో కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెమటా కన్నీళ్ళూ కలిసిపోయి మొహమంతా తడి. తెరిచి, ఎవరు ఎత్తారో చూశాడు. బెంచీల మీంచి చప్పట్లు మోగాయి. చాలామంది లేచి నిలబడి కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అతను రాళ్ళు బుట్టలో వేసుకుని, కట్టెలు భుజానికెత్తుకుని, వచ్చిన దారినే వంగి వెళ్ళిపోయాడు. ఇరవై రెండు నిమిషాలు కూర్చున్నాడు. ఉము తీసేసరికి అడుగు వరస చేమదుంపలు మాడాయి. వచ్చినవాళ్ళు మాడినవి కూడా బాగున్నాయని తిన్నారు.

బస్సులు వెళ్ళాక నేను చాపల ఇంటి మెట్టు మీద కూర్చున్నాను. ఫువతినో సామాను సర్దుకుంటోంది.

"మళ్ళీ మీ మగవాళ్ళే ఎత్తారు" అంది.

"నువ్వే కదమ్మా ఎత్తమన్నావు."

"కార్యాలయాన్ని అన్నాను. మీరు కార్యాలయమా?" రేకు డబ్బా మూత నొక్కింది. "అప్పుడు మా బావగారికి ఊరంతా ఎదురుచూస్తోందని తొందర. ఇవాళ మీకు బస్సుల తొందర. నన్నడిగేవాళ్ళు ఒక్కరూ లేరు."

"అడిగితే ఏమనేదానివి?"

"నాకేం తెలుసు? వరస అయ్యేదాకా చూద్దామనుకున్నా. అయ్యాక ఏమనిపిస్తుందో చూద్దామనుకున్నా." మొగలాకు చీలిక ఒకటి తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది. "వాడు అసలు రాళ్ళు తెచ్చుకున్నాడు. అది చూశాను."

పొయ్యి దగ్గరికి వెళ్తే తోవియో బూడిద ఊడుస్తున్నాడు.

"ఆవిడ అన్నది సరిగ్గానే అంది" అన్నాడు నేనేమీ అనకముందే. "చాప నాది కాదు. అరువు చాప వేసుకుని ఎవరు వెళ్తారు?"

"నేనాగి ఉండాల్సింది."

"ఇంకాసేపు కూర్చుంటే బాగుండేది మాస్టారూ."

"ఎండదెబ్బ తగిలేది."

"పెదనాన్న మూడు గంటలు కూర్చున్నాడు" అని, చీపురు స్తంభానికి ఆనించి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికి మనువేలే అరియేతాకి చెప్పేశాడు. అతనికి ముందు నుంచీ సగం తెలుసట. ఆమె నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలేదు మాస్టారూ?"

"చెప్పకూడదమ్మా."

"చెప్పకూడదనైనా నాకు ఎవరో ఒకరు చెప్పాలి కదా."

అది నిజం. నేను తల ఊపాను. ఇఫోంగా మళ్ళీ చూపించలేదు. ఓడవాళ్ళు అదే బాగుందని ఉత్తరం రాశారు. అరియేతా దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు.

తర్వాత తోవియో పనిలోకి వచ్చింది తొమ్మిది రోజులే. ఏమీ జరగనట్టే. కాకపోతే పొట్లం మెట్టు మీద పెట్టడం మానేశాడు. ఆవిడ ముందు నుంచి పోవాల్సి వస్తే వెనక మరుగుదొడ్ల దారిన చుట్టూ తిరిగి పోయేవాడు. మనువేలేని పక్కన కూర్చోబెట్టుకుని ఏ రాయి పేలుతుందో నేర్పాడు. మనువేలే రెండు రాళ్ళు చెవి దగ్గర పెట్టుకుని, "నాకు రెండూ తిడుతున్నట్టే వినపడుతున్నాయిరా" అన్నాడు. తోవియో ఓపిగ్గా మళ్ళీ తట్టి వినిపించాడు. ఎందుకు నేర్పుతున్నాడని మాలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఎనిమిదో రోజు ఫువతినో నన్ను పిలిచింది.

"వాడితో చెప్పండి మాస్టారూ. దొంగలా వెనక నుంచి తిరగొద్దని. నాకు అల్లిక సాగడం లేదు."

ఎంత తేలికైన పని. పాతిక అడుగులు నడిచి చెప్పేస్తే సరిపోయేది. అయితే రెండు సార్లు ఆవిడ మాట మధ్యలోకి మగవాళ్ళు దూరారు, అందులో ఒకణ్ణి నేను. మూడోసారి దూరకూడదనుకున్నాను.

"నువ్వే చెప్పమ్మా" అన్నాను. "నీ నోటితోనే వింటే మంచిది."

ఆవిడ అల్లిక మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"రేపు చూస్తాను" అంది.

ఆ రేపు శుక్రవారం. జనం తక్కువ. పన్నెండింటికల్లా వెళ్ళిపోయారు. గేటు పక్క టిక్కెట్ల బల్ల దగ్గర కూర్చుని నేను ఏదో చదువుకుంటున్నాను. తోవియో బూడిద ఎత్తి, రాళ్ళు పేర్చి, కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. చాపల ఇంట్లో ఫువతినో అల్లిక పక్కన పెట్టడం చూశాను. లేచింది. స్తంభం పట్టుకుని మెట్టు దిగి, కాళ్ళకి చెప్పులు తగిలించుకుంటోంది. మోకాళ్ళ నొప్పులు, దిగడానికి ఆవిడకి చాలాసేపు పడుతుంది.

అతను అటు చూడలేదు. వెనక దారిన చుట్టూ తిరిగి గేటు దగ్గరికొచ్చాడు. చేతిలో చిన్న గుడ్డ మూట. రొట్టె కొనుక్కోవడానికి పోతున్నాడనుకున్నాను. నా బల్ల ముందు నుంచి, ఎప్పటిలాగే వంగి, నడిచాడు. నేను తలెత్తాను. పిలవాలనుకున్నాను. ఆవిడే పిలుస్తుందని ఆగాను.

రోడ్డు దాటాడు. అవతల సవాయీ దీవి ఫెర్రీ రేవుకి పోయే బస్సు ఆగి ఉంది, పాట పెట్టుకుని. అతను మెట్టెక్కి, సముద్రం వైపు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఫువతినో పచ్చిక సగం దాటేసరికి బస్సు కదిలింది.